కారు పెయింట్ కంటే ముందు గీకుడు: ఏది ఇంట్లో చేసుకోవచ్చు, ఏది టింకర్‌కి వదిలెయ్యాలి

మా మావయ్య గారి కారు 2007 మోడల్, తెల్లది, చిన్నది. శ్రీకాకుళం జిల్లా బారువలో సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఇంటి ముందు జీడిచెట్టు కింద ఏళ్ళ తరబడి నిలబడే ఉంది, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చి మా ఉద్దానం ప్రాంతం అంతా కొబ్బరి, జీడి చెట్లు పడిపోయినప్పుడు ఆ చెట్టు కొమ్మే దాని టాపు మీద పడి సొట్ట పెట్టింది, ఆ తర్వాత ఇంక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇంజిన్‌కి మాత్రం ఏ లోటూ లేదు. పోయిన ఏడాది "తీసుకుపో బాబూ, ఇక్కడుంటే కోళ్ళు గుడ్లు పెడతాయి దీంట్లో" అన్నాడు, శ్రీకాకుళం తెచ్చాను, రెండు షెడ్డుల్లో ఫుల్ పెయింట్‌కి రేటు అడిగితే ఆ డబ్బుకి ఇంకో పాత కారు వచ్చేలా ఉంది. సరే గీకుడు మనమే గీకుదాం, రంగు మాత్రం వాళ్ళ చేత కొట్టిద్దాం అని అరసవల్లి రోడ్డు పక్క సందులో మా ఇంటి ముందు మొదలెట్టాను. కొన్ని బాగా వచ్చాయి, ఒక డోరు రెండుసార్లు చెయ్యాల్సొచ్చింది. ఇప్పుడు మా వీధిలో కారున్న ప్రతివాడూ ఏ ఎమరీ పేపర్ కొన్నావ్, రంగు కింద ఏ ప్రైమర్ వేసావ్ అని అడుగుతున్నాడు కాబట్టి అన్నీ ఒకచోట రాసీస్తున్నా.

మొదటి లెక్క ఇల్లా షెడ్డా అన్నది. దారులు మూడు. కారు తాళం వాళ్ళకిచ్చి పదిహేను రోజుల తర్వాత వెళ్ళి తెచ్చుకోవడం ఒకటి, గీకుడు నుంచి స్ప్రే దాకా అంతా ఇంట్లోనే కానిచ్చెయ్యడం రెండోది, బాడీ పని ఇంట్లో చేసి స్ప్రే షెడ్డులో కొట్టించడం మూడోది. నా ఓటు మూడోదానికే. పెయింట్ బిల్లులో పెద్ద వాటా రంగు డబ్బాది కాదు, కూలిది, ఆ కూలిలో కూడా ఎక్కువ భాగం రుద్దుడుకే పోతుంది, ఆ రుద్దుడుకి కావలసింది ఓపిక, మనకి ఆదివారాలు ఉన్నాయి. స్ప్రే అలా కాదు. ఇప్పుడు కార్లకి రంగు, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ రెండూ కలిపి వేసే టూకే పెయింట్ హార్డ్‌నర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, గన్‌తో కొట్టినప్పుడు ఆ తుంపర గాలిలో తేలుతుంది, అది పీలిస్తే కొంతమందికి ఉబ్బసం పట్టుకుని జీవితాంతం వదలదు, మనం కరోనాకి పెట్టుకున్న గుడ్డ మాస్క్ దానికి ఏమీ అడ్డం కాదు, బయట నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్క్ ఉండాలి. మా సందులో పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు, పక్కింటి మేడ మీద అప్పడాలు ఆరబెడతారు, అక్కడ టూకే కొట్టడం అంటే తప్పు పనే.

మూడో దారిలో ఒక మెలిక ఉంది, గీకుడు మొదలెట్టకముందే రంగు వేసే మనిషితో మాట్లాడుకోవాలి. చాలామంది పెయింటర్లు "మీరు చేసిన పని మీద నేను రంగు వేస్తే రేపు పొంగితే నాకు సంబంధం లేదు" అంటారు, అందులో తప్పేం లేదు. ఏ ప్రైమర్ మీద అయితే వేస్తావు, ఏ నంబర్ పేపర్ (నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) దాకా రుద్ది తేవాలి అని ముందే అడిగీసుకుంటే ఇద్దరికీ గొడవుండదు.

ఇంక అసలు ప్రశ్న, ఎంత లోతు గీకాలి? వీడియోలు చూసినవాళ్ళందరికీ ఒకటే మోజు, కారు మొత్తం రేకు తెల్లగా మెరిసేదాకా గీకీసి మళ్ళీ మొదట్నుంచి వెయ్యాలని. నేనూ అదే అనుకున్నా. మాకు తెలిసిన, కారు రేకు సొట్టలు తీసే టింకర్ తాత ఒకాయన ఉన్నాడు, నలభై ఏళ్ళు సుత్తి పట్టిన మనిషి, ఆయన చూసి "ఏటి బాబూ, బాగున్న చోట గీకడం దేనికి, కంపెనీ వోడు తొట్టిలో ముంచి ఏసింది నువ్వు బ్రష్షట్టుకుని ఎయ్యగలవా" అన్నాడు. ఆ మాట దగ్గరే నా ప్లాన్ మారిపోయింది. కంపెనీలో కారు బాడీని మొత్తంగా తొట్టిలో ముంచి కరెంటు పెట్టి ప్రైమర్ పట్టిస్తారు, ఈ-కోట్ అంటారు దాన్ని, ఇరవై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు) చిల్లర మందమే కానీ రేకు మడతల్లోకి, జాయింట్ల లోపలికి కూడా వెళ్ళి ఓవెన్‌లో కాలి గట్టిపడుతుంది. అలాంటిది మన వాకిట్లో ఏ డబ్బాతోనూ రాదు. పైగా మన జిల్లా గాలి సంగతి తెలిసిందే, ఉప్పు, తేమ రెండూ కలిపి కొడతాయి, సాయంత్రం గీకి వదిలేసిన రేకు తెల్లారేసరికి పల్చగా పసుపు రాసినట్టు తుప్పు పడుతుంది. కారు మొత్తం ఒకేసారి విప్పదీస్తే ఒక్క మనిషి ఆ గాలిని ఏ రకంగానూ అందుకోలేడు.

అందుకని నా సలహా ఏంటంటే తుప్పు ఉన్న చోట, రంగు పగిలిన చోట, సొట్టలు మూయడానికి నింపిన పాత పుట్టీ (లప్పం) ఊడుతున్న చోట మాత్రమే రేకు దాకా వెళ్ళండి, రేకు బయటపడ్డ చుట్టూ అంచులు పల్లంగా జారేలా రుద్దండి, మిగతా బాడీ అంతా పాత రంగు మీదే గరుకు చేసి వదిలీండి. మొత్తం గీకక తప్పని కార్లు కూడా ఉంటాయి, రంగు ఎండిన చెరువు మట్టిలా బీటలిచ్చిందంటే దాని మీద ఏం వేసినా ఆ బీటలు మళ్ళీ పైకి వస్తాయి, లేదంటే ఇంతకుముందు ఎవరో నాలుగైదుసార్లు రంగు మీద రంగు వేసీసి పొర మందంగా తయారై ఉంటుంది, అప్పుడు ఆ ప్యానెల్ వరకు కిందకి దిగాల్సిందే. రంగు మీద మెరుపు కోసం వేసే క్లియర్ కోట్ తెల్లగా పొట్టు లేస్తుంటే ఆ ప్యానెల్ మీద క్లియర్ మొత్తం తియ్యాలి, ఊడిన చోట మాత్రం అంచు చేసి సరిపెట్టుకుంటే ఆ పక్కనే మళ్ళీ లేస్తుంది.

ఎక్కడ ఏముందో కనిపెట్టడానికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. మా అమ్మాయి ఫ్రిజ్‌కి అతికించిన మామిడిపండు బొమ్మ అయస్కాంతం ఒకటి తీసుకుని, రంగు మీద గీత పడకుండా జేబురుమాల్లో చుట్టి బానెట్ దగ్గర్నుంచి డిక్కీ దాకా జరుపుకుంటూ పోయాను. మంచి రేకు మీద టక్కున పట్టుకుంటుంది. ఎడమవైపు వెనక డోరు కింద సగానికి వచ్చేసరికి పట్టు వదిలి జారి నేల మీద పడిపోయింది, అంటే అక్కడ పుట్టీ మందంగా ఉంది, ఎప్పుడో ఎవరో గుద్దితే చేయించి మావయ్య మర్చిపోయాడు. తర్వాత దబ్బనం తీసుకుని డోర్ల కింది అంచులు, వీల్ ఆర్చీల లోపల, డిక్కీ కార్పెట్ కింద పొడిచి చూడండి. రంగు పొక్కులా లేచి ఉన్న చోట దబ్బనం లోపలికి దిగిపోయిందంటే అది ఇంక మన పని కాదు, రేకు కోసి అతుకు వేసి వెల్డింగ్ చెయ్యాలి, టింకర్‌కే ఇవ్వాలి. ఫైబర్ మ్యాట్, పుట్టీ పెట్టి మూసేస్తే ఆరు నెలలు బాగుంటుంది, లోపల తుప్పు తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. డోర్ కింద గడప, సస్పెన్షన్ బిగించిన చోట్లు లాంటి బరువు మోసే జాగాల్లో అయితే అలా మూసెయ్యడం ప్రమాదం కూడా.

ఇంకో పరీక్ష, గుడ్డ మీద కొంచెం థిన్నర్ వేసి కనపడని చోట అర నిమిషం ఆనించి ఉంచి రుద్దండి. రంగు కరిగి గుడ్డకి అంటుకుంటే అది పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్, థిన్నర్ ఆరితే గట్టిపడేది) రకం రిపేర్ పెయింట్, దాని మీద టూకే వేస్తే ముడతలు పడే అవకాశం ఉంది, ఆ ప్యానెల్ తీసెయ్యడమే మంచిది. ఏమీ కాకపోతే దిగుల్లేదు.

ఇవన్నీ అయ్యాక గీకబోయే ముందు కడగాలి, ఇది అందరూ తిరగేసి చేసే పని. ఉప్పు, జిడ్డు ఉండగానే పేపర్ పెడితే వాటిని రేకులోకి మనమే రుద్దుతున్నట్టు లెక్క. ముందు సబ్బునీళ్ళతో బాగా కడిగి, డోర్ల కింద నీళ్ళు దిగే చిన్న రంధ్రాలు ఉంటాయి, చీపురుపుల్లతో వాటిలో మట్టి తీసెయ్యండి, మా కారులో ఒక్కో డోరు నుంచి పిడికెడు ఇసక వచ్చింది, డోర్లు లోపల్నుంచి తుప్పు పట్టేది అందుకే. సముద్రం దగ్గర ఊళ్ళలో బోరునీళ్ళే ఉప్పగా ఉంటాయి, కళింగపట్నం, బారువ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆఖరి కడుగుడు మాత్రం తాగేనీళ్ళతో చెయ్యండి, రెండు క్యాన్లు ఖర్చవుతాయి అంతే. తర్వాత జిడ్డు తీయడం. కిరసనాయిలుతో తుడుస్తారు కొందరు, అది జిడ్డు తీస్తూనే తన జిడ్డు వదిలి పోతుంది. పెట్రోల్ అయితే నిప్పుతో ఆట. పెయింట్ షాపుల్లో వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ అని అడిగితే ఇస్తారు, ఒక గుడ్డతో తడిపి, అది ఆరిపోకముందే ఇంకో పొడిగుడ్డతో తుడిచెయ్యాలి, ఒకే గుడ్డతో చేస్తే జిడ్డు అటునుంచి ఇటు మార్చినట్టే. డ్యాష్‌బోర్డ్ పాలిష్, టైర్ పాలిష్ సీసాలు ఈ పని జరిగినన్నాళ్ళు ఇంట్లో దాచీండి. వాటిలో సిలికాన్ ఉంటుంది, అది కాస్త గాలికి వచ్చి పడ్డా రంగు అక్కడ నిలవదు, చేప కళ్ళలా గుండ్రటి గుంటలు పడతాయి.

దేంతో గీకాలి అన్నది నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న. చెక్కదిమ్మకి చుట్టిన ఎమరీ పేపర్, ఆర్బిటల్ శాండర్ (పేపర్ అంటించి రుద్దే మెషీన్), గ్రైండర్, కెమికల్ రిమూవర్, ఇసక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసక కొట్టడం), ఈ అయిదే. చేత్తో రుద్దడం అన్నిటికంటే చవక, నిదానం, పాడుచేసే అవకాశం తక్కువ, కాకపోతే వేళ్ళతో పేపర్ పట్టుకుని రుద్దకండి, వేళ్ళ కింద నొక్కుడు ఎక్కువై నాగలి చాళ్ళలా గీతలు పడతాయి, రంగు వేసి ఎండలో నిలబెట్టాక అవి కనపడతాయి. చదును జాగాకి గట్టి దిమ్మ, వంపు ఉన్న చోట రబ్బరు దిమ్మ. గ్రైండర్ అందరిళ్ళల్లో ఉంటుంది కాబట్టి చెయ్యి దాని మీదకే పోతుంది, నాదీ అంతే. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది, కారు బయట రేకు మందం ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు, ఫ్లాప్ డిస్క్ పెట్టి ఒకేచోట ఆపితే రేకు వేడెక్కి అలలా తేలిపోతుంది, దాన్ని మళ్ళీ చదును చెయ్యడం టింకర్‌కి కూడా తలనొప్పే. వైర్ బ్రష్ కప్పు బిగిస్తే తుప్పు పోయినట్టు నున్నగా నల్లగా మెరుస్తుంది, కానీ గుంటల్లో తుప్పు అలాగే ఉంటుంది, పైన పాలిష్ పట్టింది అంతే, దానికితోడు తీగలు విరిగి సూదుల్లా ఎగురుతాయి, ఒకటి నా చొక్కాకి గుచ్చుకుంది, అదే కంటికి తగిలితే ఏమయ్యేదో, కళ్ళజోడు లేకుండా గ్రైండర్ ఆన్ చెయ్యొద్దు. గ్రైండర్‌కే బిగించే నల్లటి స్పాంజీ లాంటి స్ట్రిప్ డిస్క్‌లు దొరుకుతాయి, అవి రంగునీ తుప్పునీ తీస్తాయి, రేకుని పెద్దగా తినవు, గ్రైండర్ వాడాలనుకుంటే అదొక్కటే కొనుక్కోండి, వేగం తగ్గించే బటన్ ఉన్న గ్రైండర్ అయితే ఇంకా మంచిది.

ఆర్బిటల్ శాండర్ మాత్రం డబ్బుకి తగ్గ వస్తువు. కరెంటుది, అయిదంగుళాలది, చేత్తో ఒక రోజు పట్టే బానెట్‌ని గంటలో లాగేస్తుంది, వేడి తక్కువ, గీతలు కూడా ఒకే దిక్కుకి పడవు. మూల మీద, మడత గీతల మీద మాత్రం పెట్టకండి, క్షణంలో రేకు తేలుతుంది, అక్కడ టేప్ అంటించి ఆ రెండు అంగుళాలు చేత్తో చేసుకోవాలి. ఒక్క డోరో ఫెండరో అయితే మెషీన్ కొనక్కర్లేదు, చెయ్యి చాలు. కారు మొత్తం అయితే కొనండి, పని అయ్యాక తలుపులకీ మంచాలకీ పనికొస్తుంది.

కెమికల్ రిమూవర్ బ్రష్‌తో రాస్తే అరగంటలో రంగు పొరలు పొరలుగా లేస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది. చర్మం మీద పడితే మాత్రం కాలుతుంది, వాసన తలకెక్కుతుంది, గాలి ఆడని చోట అసలు వాడకూడదు. అన్నిటికన్నా నాకు భయం జాయింట్ల గురించి, ఆ జెల్ డోరు మడతలోకి, సీలెంట్ కిందకి ఒక చుక్క వెళ్ళి దాక్కుంటే కొత్త రంగు వేసిన నెలకో రెండు నెలలకో అక్కడ పొంగుతుంది. విప్పి పక్కన పెట్టిన బానెట్ లాంటి దాని మధ్య భాగానికి అయితే వాడొచ్చు. ఇసక బ్లాస్టింగ్ చక్రాలకి, ఛాసిస్ ముక్కలకి బాగుంటుంది, బయట రేకులకి ఇవ్వకండి, వంకర పోతాయి. ఇంట్లో కంప్రెసర్ పెట్టి నాగావళి ఇసకతో మేమే కొట్టుకుంటాం అనేవాళ్ళుంటారు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, వద్దు. మామూలు రుద్దుడుకి కూడా ఎన్95 మాస్క్ పెట్టుకోండి, పుట్టీ పొడి పిండిలా మెత్తగా ఉండి లోపల్దాకా పోతుంది.

తుప్పుకి రెండు మాటలు. పైపై తుప్పు అయితే 80 నంబర్ పేపర్‌తో మెరిసే రేకు వచ్చేదాకా తీసీడమే అన్నిటికంటే నమ్మకం. గుంటలు పడి పేపర్ అందని చోట రస్ట్ కన్వర్టర్ వాడొచ్చు, ఎక్కువ వాటిలో ఫాస్ఫారిక్ యాసిడ్ ఉంటుంది, ఎర్ర తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. ఊడిపోతున్న పొలుసుల మీద రాసి అద్భుతం జరుగుతుందని చూడకండి, ముందు పొలుసు రాలగొట్టాలి. డబ్బా మీద కడగమని రాసి ఉంటే కడగాలి, యాసిడ్ మిగిలితే పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ పట్టదు.

సొట్టలు. చేతికి లోపల్నుంచి అందే చిన్న సొట్టని చెక్క ముక్క ఆనించి మెల్లగా తట్టి పైకి తేవచ్చు. మా టాపు సొట్ట ఒక పళ్ళెం అంత ఉంది, నేను ముట్టుకోలేదు, తాతకిచ్చాను. లోపల సీలింగ్ గుడ్డ విప్పి, కింద ఇనప దిమ్మ పెట్టి పైనుంచి చిన్న సుత్తితో టిక్ టిక్ మని చుట్టూ అంచుల నుంచి లోపలికి వచ్చాడు, మధ్యలో ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు, ప్రతి పది దెబ్బలకీ సుత్తి పక్కన పెట్టి అరచేయి ఆనించి కళ్ళు మూసుకుని తడిమాడు. రెండు గంటల పని. నేనయితే డబ్బాడు పుట్టీ నింపేవాణ్ణి. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఎండకి రేకు సాగినప్పుడు పగులుతుంది, కాబట్టి సొట్టని సుత్తితో తేగలిగినంత తేవడం, మిగిలిన వెంట్రుక మందానికి పుట్టీ. ఈ ఒక్క దాంట్లో డబ్బులు మిగుల్చుకోవద్దు.

పుట్టీలో రెండు రకాలు అమ్ముతారు, రెండూ పుట్టీయే కదా అని ఏది పడితే అది తెచ్చుకుంటారు. ఎన్‌సీ పుట్టీకి హార్డ్‌నర్ ఉండదు, థిన్నర్ ఆరిపోతే గట్టిపడుతుంది, కాబట్టి కుంచించుకుపోతుంది, గోటి గీతలు, సూది రంధ్రాలు మూయడానికి పల్చగా లాగితే సరే, సొట్టలో నింపితే ఈరోజు చదునుగా ఉండి వచ్చే నెలకి గుంట పడుతుంది. పాలియెస్టర్ పుట్టీకి చిన్న ట్యూబులో హార్డ్‌నర్ ఇస్తారు, 100 గ్రాములకి 2 గ్రాముల చొప్పున, అంటే నిమ్మకాయంత పుట్టీకి శనగగింజంత. తొందరగా గట్టిపడాలని ట్యూబు ఎక్కువ పిండితే పైన రంగులో పసుపు మచ్చలు తేలతాయి, తక్కువైతే జిగురు జిగురుగా ఉండిపోతుంది. మన మే నెల ఎండలో కలిపిన అయిదారు నిమిషాలకే చేతిలో రాయి అవుతుంది, కొంచెం కొంచెం కలుపుకోండి. ప్లేటు మీద కలిపేటప్పుడు గుండ్రంగా గిలక్కొట్టకుండా అదిమి అదిమి కలపాలి, లేకపోతే గాలి బుడగలు చేరి రుద్దాక అన్నీ సూది రంధ్రాలే. బాడీ పనికి పాలియెస్టర్, ఆఖరి చిల్లరకి ఎన్‌సీ, నేను రెండూ ఉంచుకున్నా.

ఇప్పుడు ఆ రెండుసార్లు చేసిన డోరు కథ. పాత పుట్టీ అంతా తీసి, రేకు మీద కొత్తది పెట్టి, ధూళి లేస్తోంది, ముగ్గు పాడవుతోంది అని ఇంట్లో గొడవైతే వాటర్ పేపర్ తీసుకుని నీళ్ళు పోసుకుంటూ రుద్దీసాను. నున్నగా అద్దంలా వచ్చింది, మర్నాడు పొడిగానే కనిపించింది, పైన ప్రైమర్ కొట్టీసాను. మూడు వారాలకి చెమటకాయల్లా చిన్న చిన్న పొక్కులు. తాత గోరుతో ఒకటి గిల్లాడు, కింద ఎర్రగా తుప్పు నీరు. "నీళ్ళు పోసి రుద్దీసినావా? లప్పం అంటే ఇడ్లీ లాంటిది బాబూ, సాంబారు పోస్తే ఊరుకుంటాదా, పీల్చీసుకుంటాది" అన్నాడు. పాలియెస్టర్ పుట్టీలో సగం దాకా టాల్కం లాంటి పొడే, అది తడి పీల్చి రేకు దగ్గర దాచుకుంటుంది. కాబట్టి పుట్టీ మీద ఎప్పుడూ పొడి రుద్దుడే, 80తో ఆకారం తెచ్చి, 150, 240 అలా పైకి వెళ్ళాలి, మధ్యలో నంబర్లు ఎగరగొడితే పాత గీత కొత్త గీత కింద దాక్కుని రంగు మీద తేలుతుంది. నీటి రుద్దుడు ప్రైమర్ సర్ఫేసర్ (రంగుకి ముందు ఆఖరి చదును కోసం వేసే పొర) మీదా పాత రంగు మీదా చేసుకోండి, అక్కడ అది నిజంగానే మంచిది, పేపర్ మూసుకుపోదు, ధూళి ఉండదు. ఆ నీళ్ళలో రెండు చుక్కలు సబ్బు వేస్తే పేపర్ జారుతుంది, ఆఖర్న బాగా కడిగితే చాలు.

ప్రైమర్ల దగ్గర షాపువాడు నాలుగు డబ్బాలు ముందు పెడతాడు. గేటుకి వేసే రెడ్ ఆక్సైడ్ ఉంటుంది, ఇనుమే కదా అని చాలామంది అదే రాసేస్తారు, అది ఆరడానికి చాలా టైమ్ తీసుకుంటుంది, పైన టూకే పడగానే ఆ థిన్నర్‌కి ముడతలు పడి లేచిపోతుంది, కారుకి వద్దు. ఎన్‌సీ ప్రైమర్ చవక, పావుగంటలో ఆరుతుంది, రుద్దడానికి సుఖం, కానీ నీళ్ళని ఆపదు. ఎచ్ ప్రైమర్‌లో యాసిడ్ ఉంటుంది, బోడి రేకుని బాగా పట్టుకుంటుంది, అయితే దాని మీద నేరుగా పాలియెస్టర్ పుట్టీ పెట్టకూడదు, పట్టు వదులుతుంది. ఎపాక్సీ ప్రైమర్ రెండు డబ్బాలు కలిపేది, ఖరీదు, ఆరడానికి ఒక రాత్రి పడుతుంది, కానీ గట్టిపడ్డాక నీళ్ళని దాదాపుగా లోపలికి రానివ్వదు, దాని మీద పుట్టీ పెట్టొచ్చు, సర్ఫేసర్ వెయ్యొచ్చు, పైగా దాని హార్డ్‌నర్ సాధారణంగా ఐసోసయనేట్ కాదు, అయినా చేతికి తగిలితే కొందరికి ఎలర్జీ వస్తుంది, గ్లవుజులు ఉండాలి. చిన్న జాగాలకి బ్రష్‌తోనో చిన్న రోలర్‌తోనో వేసి తర్వాత రుద్దీసుకోవచ్చు, నేను అలాగే వేసాను.

మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి నేను చెప్పేది ఎపాక్సీయే, వేరే ఆలోచన వద్దు. ఎందుకంటే మనం ఆదివారం ఆదివారం చేసే పని, గీకిన రేకు వారాల తరబడి ఆగాలి. ప్రైమర్ వేసాం కదా తుప్పు పట్టదు అని బూడిద రంగు సర్ఫేసర్‌తో వానాకాలం అంతా తిరిగే కార్లు చూస్తుంటాం, అది స్పాంజీ లాంటిది, తడి లోపలికి పోయి రేకుని తినేస్తుంది. నా పద్ధతి ఏంటంటే పొద్దున్న ఒక చిన్న జాగా గీకి, తుడిచి, అదే రోజు సాయంత్రం లోపు ఎపాక్సీ కప్పీడం, రెండో జాగా మళ్ళీ వారం. ఎక్కువ రోజులు ఆగితే పైన ఇంకో కోటు వేసేముందు దాన్ని 320తో కొంచెం గరుకు చెయ్యాలి, ఎన్ని గంటల లోపు అయితే అక్కర్లేదో డబ్బా మీదే రాసి ఉంటుంది.

ఆఖరి సర్ఫేసర్ నేను షెడ్డుకే వదిలేసా, టూకే కాబట్టి. వాళ్ళు వేసి ఇచ్చాక రుద్దడం మాత్రం మళ్ళీ మనమే చేసుకోవచ్చు. పైన నల్లరంగు స్ప్రే పల్చగా దుమ్ములా చల్లి దిమ్మతో రుద్దితే ఎత్తు మీద నలుపు పోతుంది, పల్లంలో మిగులుతుంది, చెయ్యి మోసపోయినా ఆ నలుపు అబద్ధం చెప్పదు. మామూలు తెలుపు, ఎరుపు లాంటి రంగులకి నీటిలో 600 చాలు, మెటాలిక్ సిల్వర్ అయితే 800 దాకా వెళ్ళాలి, లేకపోతే గీతలు మెరుపులో కనపడతాయి.

హ్యాండిళ్ళు, బీడింగులు, లైట్లు విప్పాలా టేప్ వెయ్యాలా అంటే విప్పగలిగినవన్నీ విప్పండి, టేప్ అంచు దగ్గర రంగు మెట్టులా నిలిచి కొన్నాళ్ళకి అక్కడి నుంచే ఊడడం మొదలవుతుంది. పాత క్లిప్పులు విరుగుతాయి, కొన్ని ముందే కొని ఉంచుకోండి, స్క్రూలు కోడిగుడ్ల అట్టలో పెట్టి ఏది ఎక్కడిదో రాసుకోండి. బంపర్ ప్లాస్టిక్, దానికి 80 పేపర్, ఎపాక్సీ ఈ కథలేవీ వద్దు, సబ్బుతో కడిగి, స్కాచ్‌బ్రైట్‌తో గరుకు చేసి, ప్లాస్టిక్ ప్రైమర్ వెయ్యమని పెయింటర్‌కి చెప్తే చాలు.

ఎప్పుడు మొదలెట్టాలి అన్నది కూడా ఎంపికే. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు, విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను సంబరం అయ్యాక కూడా కొన్నాళ్ళు ఆగి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకుంటే మంచిది. పొద్దున్న మంచు పడి రేకు చెమట పట్టినట్టుంటుంది, పది దాటాక మొదలెట్టి నాలుగింటికి ప్రైమర్ బ్రష్ కడిగీండి. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు గీకుడు వరకే, ప్రైమర్ వద్దు, ఫోనులో వాతావరణం చూస్తే ఆ అంకె కనిపిస్తుంది. వేసవిలో కూడా చెయ్యొచ్చు కానీ ఎండలో కాలిన రేకు మీద వెయ్యకండి, నీడలో పెట్టి చెయ్యి ఆనించగలిగేంత చల్లబడ్డాక.

మా కారు ఇప్పుడు అక్కడక్కడ బూడిద రంగు మచ్చలతో పొడల ఆవులా ఉంది, సంక్రాంతి వెళ్ళాక షెడ్డులో డేట్ ఇచ్చారు. మావయ్య నిన్న ఫోన్ చేసి ఎలాగూ వేయిస్తున్నావు కదా ఎర్రరంగు వెయ్యించు బాబూ అన్నాడు. ఆర్సీలో వైట్ అని రాసి ఉంది, రంగు మారిస్తే ఆర్టీవో ఆఫీసులో ఆర్సీ మీద రాయించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పాలి, పైగా డోరు లోపలి అంచులు, డిక్కీ లోపల, బానెట్ కింద అన్నీ తెలుపే, వాటిని కూడా మార్చాలంటే నేను ఇప్పటిదాకా చేసిన గీకుడు అంత మళ్ళీ చెయ్యాలి. తెలుపే అని చెప్పీసాను.